మంచు తెల్లగా రావాలంటే

సిమ్లాలో పడేలాంటి మంచు మన వైపు పడదు. మనకున్నది పెనుకొండ కోట మీది పొగమంచే. కిందటి డిసెంబరులో హిందూపురంలో ధర్మవరం రైలెక్కి, పెనుకొండలో దిగి, పొద్దున్నే ఫోనుతో తీశాం. ఇంట్లో చూపిస్తే మా అమ్మ "కొండకు నిప్పు పడిందా?" అంది. చవక ఫోను కదా అని సిగ్గుపడ్డాం. తప్పు ధరది కాదు. ఎదుట ఏమున్నా కెమెరా నడిమి బూడిదరంగనే లెక్కగడుతుంది. అంతా తెలుపైతే వెలుగు తగ్గించేస్తుంది. సిమ్లాలోనైనా ఇదే చిక్కు.

తెరపై మంచును తాకితే చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం పైకి జరపాలి. మరీ జరిపితే వట్టి తెల్లకాగితమే. ఎడిటింగ్‌లోనూ తిరిగి రాదు. తర్వాత దిద్దేటప్పుడు నీలిఛాయ కాస్త తగ్గిస్తే చాలు. కాంట్రాస్టు పెంచితే కోటగోడ తేలుతుంది గాని మంచు పోతుంది.

జనవరిలో మళ్ళీ వెళ్ళి తీశాం. అమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "చలి పెట్టలేదా?" అంది.