మరల బడికి

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు దక్షిణముగా, ఫలక్‌నుమా కొండకు చేరువలో జహనుమా అను పేట కలదు. పారసీక భాషలో 'జహాన్' అనగా లోకము. 'నుమా' అనగా చూపునది. పేరు ఇంపైనదే. కాని అగ్నిగాయమునుండి కోలుకొని మొదటిసారి వీధిలోనికి వచ్చు బిడ్డకు, తాను లోకమును చూచుటకంటె లోకము తనను చూచుటయే ఎక్కువ భయము గొలుపును. అట్టి బిడ్డ మరల బడిలో ఎట్లు కుదురుకొనునో తెలిసికొందము.

పిల్లలకు కాలిన గాయములు తరచుగా ఇంటియందే కలుగుచుండును. మరుగుచున్న నీరు, పొయ్యిమీది గంజి, కాగిన నూనె, దీపావళినాటి బాణసంచా ఇందుకు కారణములు. జహనుమా వాసులు షాలిబండ, చార్మినారు దారిని వచ్చి నయాపూలు దాటినచో, మూసీ యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనబడును. అచ్చట కాలిన గాయములకు ప్రత్యేక విభాగము కలదు. 2021లో అచ్చట చర్మనిధి కూడ ఏర్పడినది. మరణించినవారి దేహమునుండి బంధువుల సమ్మతితో సేకరించిన చర్మమును అందు భద్రపరచి, పెద్ద గాయములపై తాత్కాలికముగా కప్పుదురు.

మన చర్మమున ముఖ్యముగా రెండు పొరలు కలవు. పైపొర మాత్రమే కాలినచో కొలది దినములలో మానును. లోపలి పొర కూడ పూర్తిగా కాలినచో, తొడ మున్నగు చోట్లనుండి ఆ బిడ్డ చర్మమునే పలుచగా తీసి అతుకుదురు. గాయము మానిన పిదప మచ్చ ఉబ్బి, గట్టిపడి, దురద పెట్టును. అది మెత్తబడుటకు ఒకటి రెండేండ్లు పట్టవచ్చును. అందుచే బిగుతైన ప్రత్యేక వస్త్రమును రోజునకు సుమారు 23 గంటలు ధరింపుమని వైద్యులు చెప్పుచుందురు. లోతుగా కాలిన చోట స్వేదగ్రంథులు నశించుటచే చెమట పట్టదు. కావున ఎండలో బిడ్డ త్వరగా అలసిపోవును.

మరియొక కష్టము కలదు. బిడ్డ పెరుగును గాని, మచ్చ అంతగా సాగదు. కీళ్లవద్ద అది బిగిసినచో మరల శస్త్రచికిత్స అవసరమగును. కావున బడికి తిరిగి వచ్చుట ఒక్కనాటితో ముగియదు. కొందరు పలుమార్లు బడి విడిచి, పలుమార్లు తిరిగి రావలసియుండును.

వైద్యుడు చర్మమును అతుకగలడు. తక్కిన పని ఎవరిది? రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణమున, న్యూజీలాండు దేశీయుడగు ఆర్చిబాల్డ్ మెకిండో అను శస్త్రవైద్యుడు మంటలలో కాలిన వైమానికులకు చికిత్స చేసెను. పలువురి ముఖములు గుర్తింపరానంతగా మారిపోయినవి. ఆయన వారిని ఆసుపత్రి గోడల నడుమ దాచలేదు, పట్టణములోనికి పంపెను. వారిని సాటివారివలె ఆదరింపుడని పౌరులను కోరెను. పౌరులు వారిని తమ యిండ్లకు ఆహ్వానించిరి. అందుచే ఆ పట్టణమునకు 'తేరిపార చూడని ఊరు' అను పేరు వచ్చెను. 1941లో ఆ రోగులు స్థాపించుకొన్న సంఘమున యుద్ధము ముగియునాటికి 649 మంది సభ్యులుండిరి.

ఒక ఊరు చేసిన పనిని ఒక తరగతి చేయలేదా? బిడ్డ రాకకు ముందే, బిడ్డయు తలిదండ్రులును సమ్మతించినచో, ఉపాధ్యాయుడు తరగతికి విషయము తెలుపవలెను. ఇది అంటువ్యాధి కాదు; తాకినను, ప్రక్కన కూర్చున్నను ఎవరికిని సోకదు. ఆ బిగుతు వస్త్రము వైద్యులిచ్చినది. ఇట్లు ముందుగా తెలిసినచో వింతయు భయమును తగ్గును. కాలిన వెంటనే 20 నిమిషములు చల్లని నీటిధార పోయవలెననియు, సిరా, వెన్న, మంచుగడ్డ పెట్టరాదనియు అప్పుడే నేర్పవచ్చును. బిడ్డయు ఒక చిన్న సమాధానమును సిద్ధపరచుకొనుట మేలు: "వేడినూనె పడి కాలింది. ఇప్పుడు మానుతోంది. రా, ఆడుకుందాం!" అంతకంటె చెప్పవలసిన పని లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, 6 మొదలు 14 ఏండ్ల వరకు గల బిడ్డలకు ఉచిత విద్య హక్కు. ప్రాథమిక విద్య ముగియువరకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. మనసు నొప్పించి వేధింపరాదు. చట్టము పట్టికలో పేరును నిలుపును. బల్లమీద చోటు నిలుపవలసినవారు తోటి విద్యార్థులే.

బాలబాలికలారా! అట్టి మిత్రుడు మీ తరగతికి వచ్చినచో, జాలిచూపులు వలదు, గుసగుసలు వలదు. తప్పిపోయిన పాఠముల వ్రాతపుస్తకము ఇండు. ఎండలో నీడపట్టున చోటిండు. ఆటకు పిలువుడు, ఓడినపుడు ఇతరులతో ఆడినట్లే అతనితోను మరల ఆడుడు. అతడు శస్త్రచికిత్సకై వెళ్లి మరల వచ్చునాటికి, అతని చోటు అతనికై ఉండవలెను.