హాజరు పట్టీలో శుక్రవారం

పెందుర్తిలోని ఒక బడిలో, జుమా నమాజుకు వెళ్ళిన పిల్లల్లో కొందరు మధ్యాహ్నం తరగతికి తిరిగి రావడం లేదనుకుందాం. అశ్రద్ధ అని తేల్చివేయడం సులభం. చర్యా పరిశోధన అలా తేల్చనివ్వదు. అల్పసంఖ్యాక వర్గాల సమస్యలపై 1946లో రాసిన వ్యాసంలో కర్ట్ లెవిన్ ఈ పద్ధతిని వివరించాడు. 1953లో స్టీఫెన్ కోరీ దానిని బడులకు అన్వయిస్తూ గ్రంథం వెలువరించాడు.

ప్రధానోపాధ్యాయుడు ముందుగా నాలుగు శుక్రవారాల హాజరు చూడాలి. ఎవరు రాలేదు? ఏ పాఠం తప్పింది? ఆపై తల్లిదండ్రులను, ఇమామ్ గారిని, పిల్లలను అడగాలి. (పిల్లలను అడగడమే మనం మరచిపోతుంటాం.) మస్జిద్ దూరమా? తిరిగి వచ్చేసరికి మధ్యాహ్న భోజనం అయిపోతున్నదా? కారణం భోజనమే అయితే, వారి వాటా తీసి ఉంచే ఏర్పాటు చేసి, మరో నాలుగు వారాలు లెక్క చూడాలి. హాజరు పెరగకపోతే ఊహ తప్పన్నమాట, మళ్ళీ అడగాలి. అదే సమయంలో పీరియడ్లు కూడా మార్చివేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

దివ్య ఖుర్‌ఆన్‌లో ‘షూరా’ పేరిట ఒక సూరాయే ఉంది. సంప్రదింపు మనకు కొత్త కాదు. బడి నుంచి కబురు వస్తే, నింద మోపడానికే పిలిచారనుకోకుండా వెళదాం. తండ్రి ఉక్కు కర్మాగారంలో షిఫ్టులో ఉంటే తల్లి వెళ్ళవచ్చు. మన పిల్లవాడు వారం వారం ఏ పాఠం పోగొట్టుకుంటున్నాడో ఆ పట్టీలో చూద్దాం.