రోగి పళ్ళెం పక్కన మీ పళ్ళెం

మధ్యాహ్నం భోజనాల బండి వార్డులోకి వచ్చే వేళ ఒక్కసారి గమనించండి. మంచం మీద రోగి ఒంటరిగా తింటుంటారు. పక్కన కూర్చున్న మీరు "ఇంకొక్క ముద్ద" అని బతిమాలుతుంటారు. మీ క్యారేజీ మాత్రం మూత తీయకుండా మంచం కిందే ఉంటుంది. రోగి తిన్న తరువాత వరండాలో నిలబడి గబగబా నాలుగు ముద్దలు మింగి వస్తారు. మీ ప్రేమలో లోపం లేదు. కాని ఇంట్లో అందరూ కలిసి తినే అలవాటు ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని యాయీరు కుమార్తె సంగతి మీలో చాలామందికి తెలుసు. 12 ఏళ్ళ బిడ్డ చనిపోయిందని ఇంటినిండా ఏడ్పులు. యేసు ప్రభువు ఆమె చేయి పట్టుకొని లేపారు. అందరూ ఆశ్చర్యంలో మునిగి ఉండగా, ఆ పాపకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పారు. అంతటి అద్భుతం జరిగిన ఇంట్లో బిడ్డ ఆకలి గుర్తుంచుకున్నది ఆయనే! అన్నం పెట్టే పని మాత్రం అక్కడున్న వారికే వదిలారు.

6వ శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్టు గారు తన మఠవాసులకు రాసిన నియమావళిలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. వచ్చిన అతిథిని క్రీస్తుగా ఎంచి ఆదరించాలి. అతిథి కోసం మఠాధిపతి తన ఉపవాసాన్ని సైతం విడవవచ్చు. మఠంలో మాంసం నిషిద్ధమైనా, బాగా నీరసించిన రోగికి పెట్టవచ్చు. అంటే నియమం కంటే ఎదుటి మనిషి అవసరమే ముందు.

ఈనాటి శ్రీసభ చట్టమూ అంతే. దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి గంట ముందు నుండి ఏమీ తినకూడదని నియమం. రోగులకు, వృద్ధులకు, వారిని చూసుకునే మీకు కూడా ఇది వర్తించదు. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసాలు 18 నుండి 59 ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులకే. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటూ ఉపవాసం ఉండటం భక్తి అనిపించుకోదు, చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం. ఆపరేషన్‌కు ముందు వైద్యులు ఏమీ తినవద్దంటే మాత్రం అది తప్పక పాటించాల్సిందే. జాలిపడి రెండు గుక్కల కాఫీ కూడా పట్టకండి.

చూడవచ్చే బంధువులతోనే అసలు చిక్కు. చేతిలో ఏదో ఒకటి లేకుండా రావడానికి మనవారికి మనసొప్పదు. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరి నీళ్ళు, అరటిపండ్లు మంచివి కావు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పవచ్చు. గుండె బలహీనపడి కాళ్ళు వాచినవారికి ఆవకాయ, అప్పడాలలోని ఉప్పు శత్రువు. పక్షవాతం వచ్చినవారికి మింగడం పరీక్షించకముందే మంచినీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కాబట్టి ఏది పెట్టాలన్నా ముందు నర్సమ్మను అడగండి. "ఏమీ తేకండి పిన్నీ, కాసేపు కూర్చొని కబుర్లు చెప్పండి చాలు" అంటే మర్యాద తక్కువేమీ కాదు.

పక్క మంచం దగ్గర ఎవరూ లేని మనిషి ఉంటే పలకరించండి. వారి పథ్యం మీకు తెలియదు గనుక పదార్థం పంచడానికి తొందరపడవద్దు. పళ్ళెం అందించడం, చేతులు కడగడానికి నీళ్ళు పోయడం కూడా ఆతిథ్యమే. భోజనానికి ముందు ప్రార్థన చేసుకునేవారు మెల్లగా చేసుకోండి, ఇతర మతాలవారు వారి పద్ధతిలో తలచుకుంటారు.

ఇక కష్టమైన మాట. జబ్బు చివరి దశకు చేరినప్పుడు శరీరానికి ఆకలి తగ్గడం సహజం. అప్పుడు రోగి నోరు తిప్పుకుంటే మీ ప్రేమను కాదన్నట్టు కాదు. బలవంతంగా పెడితే పొలమారుతుంది, బాధ పెరుగుతుంది. తడి దూదితో పెదవులు తడపండి, నోరు శుభ్రం చేయండి, దగ్గర కూర్చోండి. ఆ దశలో కతోలికులకు ఇచ్చే దివ్యసత్ప్రసాదం దారిబత్తెం వంటిది. అప్పంలో చిన్న తునక అయినా చాలు. అది కూడా మింగలేకపోతే ద్రాక్షారస రూపంలో మాత్రమే ఇవ్వవచ్చు. అందుకని స్పృహ ఉండగానే గురువుగారికి కబురు చేయమని సిస్టర్ గారితో చెప్పండి. ఆఖరి గంట దాకా ఆగనవసరం లేదు.

రేపు భోజనం వేళకు మీ క్యారేజీ కూడా మంచం దగ్గరే విప్పండి. రోగికి తినకూడనివి మాత్రం అందులో ఉండకుండా చూసుకోండి, వాసనకే ప్రాణం లాగుతుంది! లేచి కూర్చోగలిగినవారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా, తొందర లేకుండా తిననివ్వండి. తిన్న తరువాత అరగంట వరకు పడుకోబెట్టకండి. ఆ అరగంటా కబుర్లకు పనికొస్తుంది.