అల్పశక్తి మైక్రోకంట్రోలర్లు

జర్మనీలోని బహుళ అంతస్తుల గృహాలలో, శీతకాలమున గదులను వెచ్చబరచే రేడియేటర్లకు ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. ఏ కుటుంబము ఎంత వేడిని వాడుకొన్నదీ అది లెక్క కడుతుంది. దానికి బయటినుండి విద్యుత్తు తీగ లేదు. లోపల ఉన్న చిన్న లిథియం బ్యాటరీయే సంవత్సరాల తరబడి దానిని పోషించాలి. అది నడుమ ఆరిపోయినచో లెక్క తప్పుతుంది. ఇంటింటికీ మనిషిని పంపి పెట్టెలు మార్పించవలసి వస్తుంది. ఇంత స్వల్పమైన ఇంధనముతో అంత దీర్ఘకాలము ఆ పరికరము ఎట్లు జీవించగలదన్నదే ఈ వ్యాస విషయము.

అందులోని మైక్రోకంట్రోలరు అనగా గణనభాగము, మెమరీ, బయటి పరికరాలతో సంబంధము కల్పించే ద్వారములు అన్నీ ఒకే సిలికాన్ చిప్పుపై ఇమిడిన కంప్యూటరు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1974లో విక్రయించిన టి.ఎం.ఎస్. 1000 ఈ జాతిలో తొలితరమునకు చెందినది. అదే సంస్థ 1990 దశకమున వెలువరించిన ఎం.ఎస్.పి. 430 అను 16 బిట్ల కుటుంబము అల్పశక్తికి పేరుగాంచినది.

దీనికి పునాది 1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థకు చెందిన ఫ్రాంక్ వాన్‌లాస్ చూపిన సీమాస్ పద్ధతి. ఇందులో ట్రాన్సిస్టర్లు జంటలుగా ఉంటాయి. ఒకటి తెరుచుకొన్నప్పుడు రెండవది మూసుకొంటుంది. అందుచేత స్థితి మారే క్షణమున తప్ప విద్యుత్తు దాదాపు ప్రవహించదు. గడియారపు స్పందనలు ఆగిపోతే ఖర్చు కూడ దాదాపు ఆగిపోతుంది. పొదుపు రహస్యమంతా ఇక్కడే ఉన్నది: తక్కువ తిని పనిచేయుట కాదు, పని లేనప్పుడు నిద్రపోవుట.

అంకెలలో చూచెదము. నాణెము వంటి సి.ఆర్. 2032 బ్యాటరీలో సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటల శక్తి ఉంటుంది. ఎం.ఎస్.పి. 430లోని ఒక రకము, సెకనుకు పది లక్షల స్పందనలతో మెలకువగా ఉన్నప్పుడు, ఇంచుమించు 250 మైక్రో ఆంపియర్లు తీసుకొంటుంది. ఎన్నడూ నిద్రించకపోతే బ్యాటరీ 36 రోజులలో ఖాళీ! నిద్రలో దానికి కావలసినది ఒక మైక్రో ఆంపియరు కంటె తక్కువ. ప్రతి సెకనులో నూరవ వంతు మాత్రమే మేల్కొని పనిచేసినచో సగటు మూడు మైక్రో ఆంపియర్లకు కొంచెము పైన నిలుస్తుంది. కాగితముపై ఆయుర్దాయము ఏడేండ్లు దాటుతుంది. బ్యాటరీ తనంతట తాను కొంత క్షీణిస్తుంది గనుక వాస్తవములో కొంత తగ్గించుకోవాలి.

నిద్రలోనూ ఒక చిన్న క్వార్ట్జ్ గడియారము మేల్కొనే ఉంటుంది. దాని స్పందనలు సెకనుకు 32,768. ఆ సంఖ్యను పదిహేనుమార్లు సగము చేస్తే ఒకటి మిగులుతుంది. చేతిగడియారములోనూ ఇదే స్ఫటికము. సమయము రాగానే అది ఇంటరప్టు అనే సంకేతమిచ్చి చిప్పును లేపుతుంది. కుంభకర్ణుని లేపుటకు భేరీలు, ఏనుగులు కావలసివచ్చినవి. ఈ చిప్పులలో కొన్ని ఒక మైక్రో సెకనులోపే లేచి పనికి ఉపక్రమిస్తాయి. లేచుటకే ఎక్కువ కాలము పట్టినచో ఆ వ్యవధిలోనే శక్తి వృథా అయ్యేది.

అయితే చిప్పును నిద్రపుచ్చవలసినవాడు ప్రోగ్రాము వ్రాసేవాడు. మీటను ఎవరైనా నొక్కినారా అని ఎడతెగక పరీక్షిస్తూ ఉండే నాలుగు పంక్తుల ప్రోగ్రాము చాలు, ఏడేండ్ల బ్యాటరీ ముప్పదియారు దినములలో ముగియుటకు. పరికరము పనిచేస్తూనే ఉంటుంది గనుక బల్లపై పరీక్షించినప్పుడు ఈ దోషము కనబడదు. ఇంకొక దొంగ, దేనికీ కలపక వదలివేసిన ఇన్‌పుట్ కాలు. దాని వోల్టేజీ నడిమధ్యన ఊగిసలాడితే జంట ట్రాన్సిస్టర్లు రెండూ సగము తెరుచుకొని విద్యుత్తు కారిపోతుంది. వాడని కాళ్ళను భూమికి కలుపుటయో, ఔట్‌పుట్లుగా మార్చుటయో చేసి, నిద్రావస్థలోని కరెంటును మైక్రో అమ్మీటరుతో కొలిచిన పిదపనే పెట్టెను మూయవలెను.