ఒక్క తీగనే నమ్ముకోని రైతులు

శీతకాలపు ఉదయం. ఫ్రాన్సు దేశపు నైరుతి భాగాన, బోర్డో నగరానికి చేరువలో ఉన్న ఒక తోట యజమాని బల్ల మీద గాజు పాత్రలను వరుసగా పేర్చుకుని కూర్చుంటాడు. అన్నిటిలోనూ ఉన్నది ఎర్రని ద్రాక్షాసవమే. కాని ఏ రెండింటి రుచీ ఒకటి కాదు. ఒకటి పండు వాసనతో మెత్తగా గొంతు దిగుతుంది. మరొకటి వగరుగా నోటిని పట్టేస్తుంది. ఇంకొకటి సిరా మాదిరి నల్లగా ఉంటుంది. ఆయన ఒక్కొక్కదాన్ని పుక్కిలించి ఉమ్మివేస్తాడు; పాళ్లు లెక్క వేస్తాడు; కొలపాత్రలో కలిపి మళ్లీ రుచి చూస్తాడు. ఏడాది పొడుగునా పడిన శ్రమకు తీర్పు ఆ బల్ల మీదనే జరుగుతుంది.

'కలిపినది' అనగానే మనకు కల్తీ స్ఫురిస్తుంది. బోర్డోలో మాత్రం కలపడమే కళ. అక్కడి ఎర్ర వైన్లలో అత్యధిక భాగం రెండు మూడు రకాల ద్రాక్షల కలయికే. ఏ రకానికి ఆ రకాన్ని వేరుగా కోసి, వేరుగా పులియబెట్టి, ఆ పైన కలుపుతారు. పేరున్న తోటలలో ఈ వైన్ 225 లీటర్ల ఓక్ పీపాలలో నెలల తరబడి పక్వమవుతుంది.

ఈ కళకు మూలం నేలలో ఉంది. గారోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోంద్ అనే విశాలమైన నదీముఖంగా మారి సముద్రాన్ని చేరుతాయి. ఎడమ గట్టున ఉన్న మెదోక్ ప్రాంతానిది గులకరాతి నేల. నీరు నిలవదు, పగటి వేడి రాళ్లలో దాగి ఉంటుంది. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యాన్‌కు ఇది అనువైన చోటు. చిన్న గింజ, మందమైన తొక్క; కనుక రంగు, వగరు రెండూ ఎక్కువ. నల్ల కరంట్ పండును, దేవదారు కర్రను తలపించే వాసన దీనిది. సరిగా పండకపోతే బెంగుళూరు మిరపకాయ వాసన కొడుతుంది. కుడి గట్టున సేంతెమిల్యాన్, పోమెరోల్ గ్రామాలలోని బంకమట్టి, సున్నపురాతి నేలలు చల్లన. అక్కడ ముందుగా పండే మెర్లోదే రాజ్యం. ఆల్‌బుకరా పండు రుచి, పట్టులాంటి మెత్తదనం దీని గుణాలు. సువాసన కోసం కాబెర్నే ఫ్రాంక్‌నూ, రంగు కోసం పెతి వెర్దోనూ కొద్దిగా చేరుస్తారు. ఈ కాబెర్నే ఫ్రాంక్‌కూ, సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షకూ పుట్టిన సంతానమే కాబెర్నే సోవిన్యాన్ అని 1997లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు జన్యు పరీక్షలతో నిరూపించారు.

అయితే ఇన్ని రకాలు నాటడం రుచి కోసమే కాదు. మెర్లో ముందుగా చిగురిస్తుంది. వసంతంలో మంచు పడితే ఆ చిగుళ్లు మాడిపోతాయి. పూత సమయంలో చలిగాలి, వాన తగిలితే పూత రాలిపోతుంది. కాబెర్నేకు శరదృతువు వానల భయం. ఒకటి దెబ్బ తిన్న ఏడు మరొకటి ఆదుకుంటుంది. వేరుశనగ చేలో కంది సాళ్లు వేసే మన మెట్టరైతు ఆలోచన ఇదే. 1984లో మెర్లో పూత విపరీతంగా రాలినప్పుడు బోర్డో రైతులు కాబెర్నే మీదనే ఆధారపడవలసి వచ్చింది.

అన్నిసార్లూ ఈ బీమా నిలబడలేదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా నుండి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లను తొలిచి ఫ్రాన్సు తోటలను నాశనం చేసింది. అమెరికా తీగల మొదళ్లకు ఫ్రెంచి తీగలను అంటు కట్టి తోటలను బతికించారు. కాని పూత నిలవని కార్మెనేర్ రకాన్ని తిరిగి నాటినవారు అరుదు. అది దాదాపు అంతరించిందనే అనుకున్నారు. 1994లో చిలీ దేశపు తోటలో మెర్లోగా చెలామణి అవుతున్న తీగలను ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పరిశీలించి, అవి కార్మెనేర్ అని గుర్తించాడు! 1956 ఫిబ్రవరి మంచుకు దెబ్బ తిన్న మాల్బెక్ కూడా బోర్డోలో బాగా తగ్గిపోయింది. నేడు దాని ప్రధాన నివాసం అర్జెంటీనా.

ఇప్పుడు మరో పరీక్ష వచ్చింది. వేసవులు వేడెక్కుతున్నాయి. బోర్డో ఎర్ర ద్రాక్షలలో సుమారు మూడింట రెండు వంతులు మెర్లోనే. ఎండకు దానిలో చక్కెర త్వరగా పెరిగి వైన్‌లో మత్తు పాలు హెచ్చుతుంది, తాజాదనం తగ్గుతుంది. పూర్వం సరిగా పండని పెతి వెర్దో మాత్రం ఈ వేడికి చక్కగా పండుతోంది.

అందుకే బోర్డో దక్షిణాది వైపు చూసింది. రోన్ లోయలోని షాతోనఫ్ ద్యు పాప్‌లో ఎండకు ఓర్చే గ్రెనాష్ ప్రధానం. సంప్రదాయంగా 13 రకాలను కలపవచ్చు. పోర్చుగల్‌లోని దౌరో లోయలో పాత తోటలలో అనేక రకాలు కలగలిసి పెరుగుతాయి. ఆ దేశపు తూరిగా నాసియోనాల్‌నూ, గ్రెనాష్-కాబెర్నే సంకరమైన మార్సెలాన్‌నూ, మరి రెండు ఎర్ర రకాలనూ 2021లో బోర్డో సాధారణ వైన్లలో ప్రయోగానికి అనుమతించారు. హద్దు మాత్రం పెట్టారు: తోటలో 5 శాతం, కలయికలో 10 శాతం మించరాదు.

కొత్త రకాలు ఎక్కువైతే అది బోర్డో వైనేనా అని కొందరి శంక. కాని పోయిన కార్మెనేర్‌ను, తగ్గిన మాల్బెక్‌ను తలచుకుంటే ఈ కలయిక ఏనాడూ స్థిరంగా లేదని తెలుస్తుంది. ఆ బల్ల మీది గాజు పాత్రల వరుసలో ఇప్పుడు కొత్తది ఒకటి చేరింది. తోట యజమాని దాన్ని కూడా పుక్కిలించి చూస్తాడు. ఎన్ని చుక్కలు కలపాలో లెక్క వేసుకుంటాడు.