వేగం రెండింతలు - దెబ్బ నాలుగింతలు

2017 మే 10వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు జూబిలీ హిల్స్‌లో ఒక మెర్సిడెస్ బెంజ్ కారు మెట్రో రైలు స్తంభాన్ని గుద్దుకుంది. ఆ కారులో ఉన్న ఇద్దరు యువకులూ చనిపోయారు. వారిలో ఒకరు అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి పి. నారాయణ గారి కుమారుడు.

వేసవి సెలవులయ్యాక మా గుడుపల్లె ప్రాంతంలోని బడి తెరిచారు. పదో తరగతి విద్యార్థి ఒకడు లేచి అడిగాడు: "సార్, అది కోట్లు పెట్టి కొన్న కారంట కదా! ఎయిర్‌బ్యాగులు కూడా ఉంటాయంట. మరి లోపలుండేవాళ్ళు ఎట్ల చచ్చిపోయినారు సార్?"

మంచి ప్రశ్న. కారు గట్టిది, ఖరీదైనది, బలమైనది. అయినా ప్రాణం ఎందుకు నిలవలేదు? జవాబు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. అదెలాగో చూద్దాం.

దేనికి బలం?

కారు బలాన్ని అశ్వశక్తిలో కొలుస్తారు. 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 కారు ఇంజను బలం 40 అశ్వశక్తికి లోపే. ఆ జూబిలీ హిల్స్ కారు వంటి వాటిలో ఇంజను బలం 500 అశ్వశక్తిని మించుతుంది. అంటే పన్నెండు రెట్లకు పైమాటే!

ఈ బలం ఎందుకు పనికివస్తుంది? వేగాన్ని పెంచడానికి. పాత చిన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే 15 సెకన్లకు పైగా పడుతుంది. అంతలో ఇంజను రొద చేస్తుంది, కారంతా అదురుతుంది, "చాలు నాయనా" అని చెప్పినట్టే ఉంటుంది. బలమైన కారు అదే వేగాన్ని అయిదారు సెకన్లలో అందుకుంటుంది. లోపల చప్పుడుండదు, కుదుపుండదు. నడిపేవాడికి తాను ఎంత వేగంలో ఉన్నాడో ఒంటికి తెలియదు.

సరే, వేగం పెంచేది ఇంజను. మరి ఆపేది ఎవరు? ఇంజను కాదు. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. కారును ఆపేది మాత్రం టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు ఇంచుమించు మన అరచెయ్యంత. అలాంటి అరచేతులు నాలుగే! ఇంజను బలం పన్నెండు రెట్లు పెరిగిందని ఈ పట్టు పన్నెండు రెట్లు పెరగదు. దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. మొత్తం రహస్యం ఇక్కడే ఉంది.

ఆగడానికి ఎంత దూరం?

రోడ్డు మీద ఆవు అడ్డం వచ్చిందనుకోండి. కంటికి కనబడి, మెదడుకు తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు 1 సెకను గడుస్తుంది. ఆ సెకనులో కారు అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఆ తరువాతే వేగం తగ్గడం మొదలవుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి సెకనుకూ వేగం సుమారు సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందని లెక్క వేద్దాం.

గంటకు 50 కి.మీ. వేగంలో: ఆలోచనకు 14 మీటర్లు, బ్రేకుకు 14 మీటర్లు, మొత్తం 28 మీటర్లు.
గంటకు 100 కి.మీ. వేగంలో: ఆలోచనకు 28, బ్రేకుకు 55, మొత్తం 83 మీటర్లు.
గంటకు 150 కి.మీ. వేగంలో: ఆలోచనకు 42, బ్రేకుకు 124, మొత్తం 166 మీటర్లు.

బ్రేకు దూరాలను గమనించండి. వేగం రెండింతలయితే దూరం నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరగడమే ఇందుకు కారణం. తడి రోడ్డయితే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు ఒక చిత్రం చూడండి. రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయి. ఒకటి 100లో, రెండోది 120లో. సరిగ్గా 83 మీటర్ల దూరంలో ఒక లారీ అడ్డంగా నిలిచి ఉంది. ఇద్దరూ ఒకేసారి చూశారు, ఒకేసారి బ్రేకు వేశారు. మొదటి కారు లారీని దాదాపు తాకుతూ ఆగిపోతుంది. రెండోది ఎంత వేగంతో గుద్దుకుంటుంది? మీరు 20 అంటారు. కాదు. గంటకు సుమారు 73 కిలోమీటర్ల వేగంతో! పదో తరగతి వాళ్ళు v² = u² + 2as సూత్రంతో సరిచూసుకోండి.

మలుపు దగ్గర

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వైపు వచ్చే రోడ్డులో మలుపులు మీకు తెలిసినవే. మలుపు తిరగడానికి కావలసిన అభికేంద్ర బలాన్ని కూడా ఆ నాలుగు అరచేతుల పట్టే ఇవ్వాలి. 100 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో 60 వేగంతో పోతే సెకను వర్గానికి 2.8 మీటర్ల త్వరణం కావాలి. టైర్లు దాన్ని సులభంగా ఇస్తాయి. అదే మలుపులో 100 వేగంతో పోతే 7.7 కావాలి. మనం లెక్కకు తీసుకున్న పట్టు 7 మాత్రమే! ఇక కారు తిరగదు, తిన్నగా బయటికి జారిపోతుంది. భయపడి బ్రేకు కూడా వేస్తే ఉన్న పట్టులో కొంత బ్రేకుకు పోయి, తిరగడానికి మరీ తక్కువ మిగులుతుంది.

మూడు గుద్దుళ్ళు

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వద్దాం. మదనపల్లె నుంచి టమోటా బాక్సులతో వచ్చే వ్యాను హఠాత్తుగా ఆగితే కట్టని బాక్సులు ముందుకు జారుతాయి. అది జడత్వం. మన దేహమూ అంతే. కారు స్తంభాన్ని గుద్దుకోవడం మొదటి గుద్దు. కారు ఆగినా ముందుకే పోతున్న మనిషి స్టీరింగుకో అద్దానికో తగలడం రెండవది. మనిషి ఆగినా లోపల మెదడు పుర్రెకు, గుండె రొమ్ము ఎముకలకు కొట్టుకోవడం మూడవది. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు రెండవ గుద్దును మెత్తబరుస్తాయి. అందుకే బెల్టు ఎప్పుడూ కట్టుకోవాలి. మూడవ గుద్దును మాత్రం ఏ బెల్టూ పూర్తిగా ఆపలేదు.

కార్లకు భద్రతా నక్షత్రాలు ఇస్తారని విన్నారు కదూ! మన దేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారును ఎదురుగా గుద్దించే వేగం గంటకు 64 కిలోమీటర్లు. అయిదు నక్షత్రాల కారయినా 128 వేగంలో గుద్దుకుంటే పరీక్షలో కంటే నాలుగింతల శక్తిని భరించాలి. అంత భరించగలదని ఆ నక్షత్రాలు చెప్పడం లేదు.

ఇంకోలా చెప్పాలంటే, 50 వేగంతో గోడను గుద్దుకోవడం మూడంతస్తుల మేడ మీది నుంచి, అంటే 10 మీటర్ల ఎత్తు నుంచి పడడంతో సమానం. 100 వేగమయితే 39 మీటర్లు: నిలువుగా నిలబెట్టిన రెండు టెంకాయ చెట్ల ఎత్తు. 150 వేగమయితే 88 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఎంత గట్టి పెట్టెలో కూర్చుని పడినా ఏమి లాభం?

పడుచు వయసు

2011 సెప్టెంబరు 11న హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద పుప్పాలగూడ దగ్గర ఒక 1000 సీసీ మోటారు సైకిలు పడిపోయింది. నడిపినవాడు భారత క్రికెట్ మాజీ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, వయసు 19. వెనుక కూర్చున్న బంధువుల అబ్బాయి వయసు 16. ఇద్దరూ దక్కలేదు.

ఈ వయసువారే ఇలా ఎందుకు పోతున్నారు? వారు చెడ్డవారని కాదు, తెలివి లేక కూడా కాదు. మెదడు ముందుభాగం మంచిచెడ్డలు తూచి "ఆగు" అని చెప్పే చోటు. అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇంచుమించు 25 ఏళ్ళు పడుతుంది. పైగా స్నేహితులు పక్కన ఉంటే ఆ "ఆగు" అనే మాట మరీ మెల్లగా వినిపిస్తుంది. 2005లో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వివిధ వయసులవారితో కంప్యూటరు మీద కారు ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు చూస్తున్నప్పుడు కుర్రవాళ్ళు ఎక్కువ సాహసాలు చేశారు. పెద్దవాళ్ళలో ఆ తేడా అంతగా కనబడలేదు.

కనుక బలమైన బండి, పడుచు మెదడు, చప్పట్లు కొట్టే స్నేహితులు - ఈ మూడూ ఒకచోట కలిస్తే ప్రమాదానికి అన్నీ సిద్ధమైనట్టే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రతి 10 మందిలో 7గురి మరణానికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. 18 ఏళ్ళు నిండకుండా కారు నడపడం నేరం. 2019లో సవరించిన చట్టం ప్రకారం అలా నడిపితే బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 3 సంవత్సరాల జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. నడిపినవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

మీకు బెంజి కారు ఉండకపోవచ్చు. నాన్న మోటారు సైకిలు ఉంటుంది, దాని తాళం గోడకు వేలాడుతూ ఉంటుంది. వేగం వర్గం లెక్క దానికీ ఇదే.

చేసి చూడండి

ఒక చెక్క పలకను ఏటవాలుగా పెట్టండి. కింది అంచు దగ్గర నేల మీద ఒక ఖాళీ అగ్గిపెట్టె ఉంచండి. పలక మీద 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గోళీని వదలండి. గోళీ తగిలాక అగ్గిపెట్టె ఎంత దూరం జరిగిందో కొలవండి. తరువాత అదే పలక మీద 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. ఎత్తు నాలుగింతలయితే కింద గోళీ వేగం రెండింతలే అవుతుంది. మరి అగ్గిపెట్టె ఎంత దూరం జరిగింది? నాలుగైదు సార్లు చేసి సరాసరి తీయండి. ఇంచుమించు నాలుగింతలు రావాలి.

ఈ ప్రయోగానికి ఒక పలక, ఒక గోళీ, ఒక అగ్గిపెట్టె చాలు. ఇదే లెక్కను రోడ్డు మీద సరిచూడాలనుకున్న వారిలో చాలామంది మనకు జవాబు చెప్పడానికి మిగల్లేదు.