బోనెట్ కింద తాళం

2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కథ ముగిసింది. ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలు, లోపాన్ని పట్టిచ్చే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది అభియోగం. జరిమానాలో సగానికి పైగా టాటా మోటార్స్ మీదే పడింది. జాబితాలో హిందుస్థాన్ మోటార్స్ కూడా ఉండటమే విడ్డూరం. చెట్టుకింద మెకానిక్ సైతం విప్పి బిగించగలిగిన అంబాసిడర్ ఆ కంపెనీదే మరి! కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కేసు ఏళ్ల తరబడి సాగింది.

కార్బొరేటర్ రోజుల్లో 800 యజమానికి డిక్కీలో నాలుగు పానాలు, ఒక ప్లగ్ స్పానర్, కాస్త ఎమెరీ పేపర్ ఉంటే ధైర్యం. బండి మొరాయిస్తే ప్లగ్ ఊడదీసి, మసి గీకి, గ్యాప్ చూసి బిగించేవాడు. ఉన్నది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. చెయ్యి ఎటు పెట్టినా దూరేది.

ఇప్పుడు బోనెట్ ఎత్తితే ముందు కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. ఇంధనం ఎంత చిమ్మాలో, ఎప్పుడు మండించాలో దాని చుట్టూ ఉన్న సెన్సార్ల మాట విని ఈసీయూ అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. డాష్‌బోర్డు మీద పసుపు ఇంజిన్ బొమ్మ వెలిగిందంటే ఆక్సిజన్ సెన్సార్ పోయి ఉండొచ్చు, కనెక్టర్ వదులై ఉండొచ్చు, రాత్రి ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. స్కానర్ తగిలిస్తే తప్ప తేలదు.

డీజిల్ కార్ల సంగతి మరీ చిక్కు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది. ఇంధనంలో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది, పొగగొట్టానికి డీపీఎఫ్ అనే వడపోత చేరింది. అది మసిని పట్టి ఉంచి, వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. అందుకు కాసేపు ఆగకుండా, ఓ మోస్తరు వేగంతో నడవాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ పాకే బండికి ఆ యోగం ఎక్కడిది? మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఇంజిన్ తన బలం తానే తగ్గించుకుంటుంది. అప్పుడిక స్కానర్‌తో ఆదేశమిచ్చి మసి కాల్పించాల్సిందే. మామూలు ఇంజిన్ ఆయిల్ పోసినా ఈ వడపోత త్వరగా పూడుకుపోతుంది.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో చాలావాటికి వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నా ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. కొన్ని ఖరీదైన కార్లలో కొత్త బ్యాటరీ వేస్తే ఆ సంగతి కంప్యూటర్‌కు నమోదు చేయాలి. ముందు అద్దం వెనక కెమెరా ఉంటే, అద్దం మార్చాక దాన్ని మళ్లీ సరిచేయాలి.

ఇదంతా కంపెనీల కుట్ర అనుకుంటే పొరపాటు. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది, చలికాలం పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొట్టే బాధ పోయింది. పేచీ యంత్రంతో కాదు, దాని సమాచారంతో. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనితనానికి కరువు లేదు. అక్కడి మెకానిక్ మామూలు స్కానర్ కొని లోపం కోడ్ చదవగలడు. కొత్త తాళంచెవిని, కొత్త మాడ్యూల్‌ను కారు చేత ఒప్పించాలంటే మాత్రం తరచూ కంపెనీ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ కావాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు ఈ సమాచారానికి వేసిన తాళం తీయించడానికి 2012లో ఒకసారి, 2020లో మరోసారి ఓటేశారు. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో కార్లూ ఉన్నాయి. కానీ పోర్టల్‌కు చట్టమంత పట్టు ఉండదు.

ఈలోగా యజమానికి మిగిలిన పనులు లేకపోలేదు. టైర్ల గాలి, కూలెంట్ మట్టం, వైపర్లు, ఎయిర్ ఫిల్టర్ ఇంకా చేతికి అందేవే. ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా ఊడి వస్తుంది. సర్వీస్ బిల్లులో దానికి లేబర్ చార్జీ ఎంత వేశారో ఒకసారి చూడండి.